రెండో దెబ్బ

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. ఆర్టీసీ బస్సులు డిపోలు దాటి రావడం లేదు. సింగరేణిలో బొగ్గు తవ్వడం ఆగిపోయి, నగరంలో పట్టపగలు కూడా కరెంటు పోతోంది. ఆ రోజు బంద్ పిలుపు ఉండడంతో మాదాపూర్ కంపెనీలు చాలావరకు ఉద్యోగులను ఇంటి నుంచే పని చేసుకోమన్నాయి. సౌజన్య హఫీజ్‌పేట్‌లోని తన ఫ్లాట్‌లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆమెతో పాటు ఉండే స్నేహితురాలు సమ్మె మొదలవగానే ఊరెళ్లిపోయింది.

బంద్ అయినా యాదమ్మ పనికి వచ్చింది. ఆమె ఇల్లు బోరబండలో. రైలు నడిచిన రోజు రైల్లో, లేని రోజు షేర్ ఆటోలో వచ్చి ఆ అపార్ట్‌మెంట్‌లో మూడు నాలుగు ఇళ్లలో పని చేస్తుంది. అంతకు ముందు వారమే బోరబండ ఆడవాళ్లతో కలిసి రోడ్డు మీద వంటావార్పు చేసి, పోలీసులు వ్యాన్ ఎక్కిస్తే సాయంత్రం దాకా ఠాణాలో కూర్చుని వచ్చింది. ఆ సంగతి సౌజన్యకు నవ్వుతూ చెప్పింది కూడా.

"మీ ఆఫీసోళ్లకు రోడ్డు మీద అన్నం తినుడు చాతగాదు మేడమ్. ఒక్కపారి రా, చూపిస్త."

"నేను కడపదాన్ని యాదమ్మా. నన్ను రానిస్తారా?"

"తినెతందుకు ఎవరొస్తె ఏంది? ముద్ద పెడతం."

వాళ్లిద్దరి మధ్య ఉద్యమం గురించి నడిచే మాటలు అంతవరకే. సౌజన్యది ప్రొద్దుటూరు. రాష్ట్రం విడిపోతే తన ఉద్యోగం ఏమవుతుందోనన్న బెంగ ఆమెకు లోపల ఉండేది. యాదమ్మకు ఆ బెంగ తెలుసు. అయినా ఒకరినొకరు నొప్పించుకున్నది లేదు.

మధ్యాహ్నం దాటాక యాదమ్మ చెత్త సంచి బయట పెట్టడానికి తలుపు తీసింది. మెట్ల దగ్గర నిలబడి ఉన్న యువకుడు ఒక్క ఉదుటున వచ్చి ఆమెను పక్కకు తోసి లోపలికి చొరబడ్డాడు. వెనక్కి తిరిగి తలుపు గొళ్లెం పెట్టాడు.

అతని పేరు యశ్వంత్. సౌజన్య జిల్లా వాడే. ఇద్దరూ ఒకే ప్రాజెక్టులో పని చేసేవాళ్లు. పెళ్లి చేసుకుందామని అడిగాడు. ఆమె ఇష్టం లేదని మర్యాదగానే చెప్పింది. అప్పటి నుంచి వేళాపాళా లేని ఫోన్లు, ఆఫీసు గేటు దగ్గర కాపలాలు. చివరకు ఆమె మేనేజర్‌కు ఫిర్యాదు చేస్తే అతన్ని వేరే ప్రాజెక్టుకు మార్చారు. తన బతుకు ఆమె వల్లే పాడైందని అందరితో చెప్పుకుంటూ తిరుగుతున్నాడు.

"బయటికి వెళ్లు," అంది సౌజన్య లేచి నిలబడి.

"వెళ్తాను. మా అమ్మకు ఫోన్ కలుపుతా. ఒప్పుకున్నానని ఒక్క మాట చెప్పు, వెళ్తాను."

ఆమె తన ఫోన్ అందుకోబోయింది. అతను దాన్ని లాక్కుని నేలకేసి కొట్టాడు. బాల్కనీలోకి వెళ్లి కేక వేయబోతే జుట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. గోడకు అదిమి గొంతు మీద చెయ్యి వేశాడు. మొదట బెదిరింపే అనుకుంది సౌజన్య. కానీ ఆ చెయ్యి బిగుస్తూనే ఉంది. ఊపిరి అందక కాళ్లు తేలిపోసాగాయి.

యాదమ్మ అరుస్తూ వెనక నుంచి అతని చొక్కా పట్టి గుంజింది. అతను మోచేత్తో ఆమె మొహం మీద ఒక్క పోటు పొడిచాడు. ఆమె వంటింటి గడపలో వెల్లకిలా పడింది. లేచేసరికి చేతికి అందింది అల్లం దంచే ఇనుప రోకలి. దాంతో వచ్చి, గొంతు పట్టుకున్న చెయ్యి మీద బలంగా కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు సౌజన్యకు కూడా వినిపించింది.

చెయ్యి వదిలేసి అతను యాదమ్మ వైపు తిరిగాడు. రెండో చేత్తో ప్లాస్టిక్ కుర్చీ ఎత్తాడు. "చంపేస్తా నిన్ను," అంటూ మీదికి వచ్చాడు. యాదమ్మ రెండో దెబ్బ వేసింది. అది భుజం మీద పడింది. కుర్చీతో సహా కూలబడ్డాడు.

ఆ తర్వాత ఆమె కొట్టలేదు. గొళ్లెం తీసి, "ఎవరన్న రాండ్రి" అని కేకలు పెట్టింది. అతను లేచి, విరిగిన చెయ్యి పట్టుకుని, ఆమె పక్క నుంచే మెట్లు దిగి పారిపోయాడు. ఎదురు ఫ్లాట్ల వాళ్లు తలుపులు తీసి చూసింది ఆ క్షణంలోనే. మంచి బట్టలు వేసుకున్న ఒక కుర్రాడు ఏడుస్తూ పరుగెడుతున్నాడు. పనిమనిషి ఇనుప రోకలితో గుమ్మంలో నిలబడి ఉంది. వాళ్లు చూసింది అంతే. తర్వాత అదే చెప్పారు.

పక్కింటి ఫోన్ నుంచి సౌజన్య పోలీసు నంబరు వందకు చేసింది. బలగాలన్నీ బంద్ బందోబస్తులో ఉన్నాయని, వస్తారని చెప్పారు. సాయంత్రం ఎండ వాలేదాకా ఎవరూ రాలేదు. ఈలోగా యశ్వంత్ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాడు. ఆసుపత్రి వాళ్లు స్టేషన్‌కు కబురు పంపారు. అతని మాట రాసుకోవడానికి మాత్రం పోలీసు వెంటనే దొరికాడు. ఆఖరుకు సౌజన్య ఇంటికి వచ్చిన కానిస్టేబుళ్లు ఆమె ఫిర్యాదు కోసం రాలేదు.

"యాదమ్మ అంటే ఎవరు?" అని అడిగారు.

"నేనే."

"నడువు స్టేషన్‌కి. నీ మీద కేసైంది."

సౌజన్యకు మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "ఫోన్ చేసింది నేనండీ. నా ఇంట్లో చొరబడ్డాడు. నా గొంతు పట్టుకున్నాడు. ఇదిగో చూడండి," అంటూ కమిలిన మెడ చూపించింది.

"అవన్నీ ఎస్సైగారితో చెప్పుకోండి మేడమ్."

యాదమ్మ మొహం ఒక పక్క వాచి కన్ను మూసుకుపోతోంది. దాన్ని గురించి ఎవరూ ఏమీ అడగలేదు. రోకలిని మాత్రం జాగ్రత్తగా గుడ్డలో చుట్టి తీసుకుపోయారు.

స్టేషన్‌లో ఎస్సై నిద్రలేని కళ్లతో ఉన్నాడు. యశ్వంత్ చెప్పిన కథ అప్పటికే ఆయన బల్ల మీద ఉంది. పాత సహోద్యోగిని పలకరించడానికి వెళ్లానని, తలుపు తెరిచే ఉందని, పనిమనిషి తనను ఆంధ్రోడని తిట్టి, కారణం లేకుండా ఇనుప రోకలితో రెండుసార్లు కొట్టిందని అందులో ఉంది. వంటావార్పులో యాదమ్మను పట్టుకున్న సంగతి స్టేషన్ రికార్డులో దొరికింది. దాంతో కథ అతికినట్టు సరిపోయింది.

"మారణాయుధంతో ఎముక విరగ్గొట్టడం. బెయిల్ లేని సెక్షన్," అన్నాడు ఎస్సై.

"మరి అతను మా ఇంట్లోకి ఎలా వచ్చాడో అడగరా?" అంది సౌజన్య.

"తలుపు తీసింది ఈమే కదమ్మా. పైగా అతను మీకు తెలిసినవాడు. తెలిసినవాడు ఇంటికొస్తే దొంగ అవుతాడా?"

"పొమ్మన్నాక పోకుండా గొళ్లెం పెట్టాడు. తెలిసినవాడైతే గొంతు నులమొచ్చా?"

ఎస్సై ఆ మాట వదిలేసి, గోడ పక్కన బల్ల మీద కూర్చున్న యాదమ్మ వైపు తిరిగాడు. "మొదటి దెబ్బకు చెయ్యి విరిగింది. ఆమెను వదిలేశాడు. ఇగ రెండో దెబ్బ ఎందుకు కొట్టినవ్?"

"వదిలిండు గని పోలేదు సారు. నా మీదికి తిరిగిండు. కుర్చీ లేపిండు."

"ఉరికి బయటికి పోవచ్చు గద."

"గొళ్లెం ఆయన వెనకాల ఉండె. ఏడికి ఉరకాలె? గా పిల్లను ఇడిసిపెట్టి ఎట్ల ఉరకాలె?"

"అంటే నువ్వే కొట్టినవని ఒప్పుకుంటున్నవ్."

"నేనే కొట్టిన. కొట్టకపోతె గామె సచ్చేది. మీరొచ్చి పీనుగను తీసుకపోయేటోళ్లు."

ఆ మాటలో మొదటి రెండు ముక్కలే రాసుకున్నాడు ఎస్సై.

అంతలో సౌజన్య మేనమామ ఆంజనేయులు వచ్చాడు. కొండాపూర్‌లో స్థలాల వ్యాపారం చేస్తాడు. వెంట అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి శ్రీనివాసరావు. మామ ఆమెను బయట ఆగి ఉన్న కారు దగ్గరకు తీసుకెళ్లాడు. యశ్వంత్ తండ్రి అప్పటికే ఆయనతో ఫోన్‌లో మాట్లాడి ఉన్నాడు.

"పాపా, నిదానంగా విను. ఆ పిల్లోడు తప్పు చేసినాడు, కాదనను. కానీ వాళ్లు మనోళ్లు. నీ పేరు కేసులో పడితే రేపు నీ పెండ్లి మాటలప్పుడు నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. ఆ పిల్లోడు నీ మీద ఏం రాయకుండా వాళ్ల నాయనతో మాట తీసుకున్నా."

"యాదమ్మ మీద రాశాడు కదా మామా."

"నువ్వు అబద్ధం చెప్పాల్సిన పనేం ల్యా. భయంతో కండ్లు మూసుకున్నా, ఏం జరిగిందో తెల్దు అని చెప్పు. అంతే."

శ్రీనివాసరావు అందుకున్నాడు. "అంతేనండి. ఈ గొడవల్లో మనవాడి చెయ్యి విరగ్గొట్టిందంటే ఎవరైనా నమ్ముతారండి. మీరు మధ్యలో ఉండక్కర్లేదు. రేపు టీవీ వాళ్లొస్తే సంఘం తరఫున నేను మాట్లాడతాను."

సౌజన్య కారు తలుపు పట్టుకుని నిలబడింది. ఊరుకుంటే చాలు అంటున్నారు వాళ్లు. ఊరుకుంటే ఏమవుతుందో ఆమెకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. తన గొంతు మీదున్న చెయ్యిని తప్పించిన మనిషి జైలుకు పోతుంది. ఆ చెయ్యి ఉన్నవాడు కట్టు కట్టించుకుని బాధితుడవుతాడు. దానికి తెలంగాణ అనో ఆంధ్ర అనో పేరు పెట్టి రెండు వైపుల వాళ్లూ నమ్ముతారు. తన గొంతు సంగతి ఎవరికీ పట్టదు.

ఒక్క నిమిషం ఆమెకు భయం కూడా వేసింది. అమ్మానాన్నలు, ఆఫీసు, ఊళ్లో మాటలు అన్నీ గుర్తొచ్చాయి. కారులో కూర్చోమని మామ తలుపు తీశాడు. కిటికీలోంచి స్టేషన్ లోపల బల్ల మీద కూర్చున్న యాదమ్మ కనిపిస్తోంది. ఆమె ఇటే చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం లేదు. నువ్వు కూడానా అని అడుగుతున్నట్టుంది.

"మామా, వాడు మనోడెట్లా అయినాడు?" అంది సౌజన్య. కోపం వస్తే ఆమె మాటలోకి ఊరు వస్తుంది. "నా గొంతు పట్టుకున్నప్పుడు వాడు మనోడే, ఆయమ్మ పరాయిదే. మరి నన్ను బతికించింది ఎవరు? నేను కండ్లు మూసుకోలేదు. అంతా చూసినా. చూసిందంతా చెప్తా."

"పాపా..."

"ఇంగ నాకు చెప్పొద్దు. నీకు ఇష్టముంటే లోపలికొచ్చి నా పక్కన కూర్చో. లేకపోతే పో."

ఆంజనేయులు కారు దగ్గరే నిలబడిపోయాడు. ఆమె లోపలికి వెళ్లి యాదమ్మ పక్కన ఆ బల్ల మీదే కూర్చుంది.

"నీళ్లు తాగినావా యాదమ్మా?"

"ఇయ్యలేదు." అంది యాదమ్మ. "నువ్వు కారెక్కుతవనుకున్న."

సౌజన్య కాదనలేదు.

పొద్దుగూకే వేళకు యాదమ్మ భర్త పెంటయ్య ఒక లాయరమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె పేరు నవనీత. నల్లకోటు మీద గులాబీ బ్యాడ్జి అలాగే ఉంది. సమ్మెలో భాగంగా లాయర్లు కోర్టులు బహిష్కరించి గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు. పెంటయ్య కూకట్‌పల్లి దాకా నడిచి వెళ్లి ఆ టెంటులోంచే ఆమెను లేపుకొచ్చాడు.

నవనీత ముందు యాదమ్మ మొహం చూసింది. తర్వాత సౌజన్య మెడ చూసింది. ఆ తర్వాత ఎస్సై ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సార్, తన ప్రాణం కాపాడుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. పక్క మనిషి ప్రాణం కాపాడే హక్కు కూడా ఉంది. అది మీ చట్టం పుస్తకంలనే ఉంది. పనిమనిషికి లేదని ఎక్కడన్న రాసి ఉందా?"

"హక్కుకు హద్దుంటుంది మేడమ్. అవసరానికి మించి కొట్టొద్దు. పోలీసులను పిలిచే టైముంటే పిలవాలె."

"నిజమే. ఫోన్ ముక్కలైంది. తలుపుకు గొళ్లెముంది. పిలిచినంక మీరెప్పుడొచ్చిండ్రు?"

ఎస్సై కానిస్టేబుల్ వైపు చూశాడు.

"ఇగ అవసరానికి మించి అంటరా? వాడు పారిపోయేటప్పుడు ఈమె పక్క నుంచే పోయిండు. చేతిల రోకలుంది. కొట్టలేదు. ప్రమాదం పోంగనే ఈమె చెయ్యి ఆగింది. మీదికొచ్చే మనిషిని ఆపెటప్పుడు దెబ్బను తక్కెట్ల పెట్టి తూయలేరని కోర్టులే చెప్పినయి. మీరు తూస్తున్నరు."

"అతను మెడికల్ రిపోర్టు పెట్టిండు."

"ఈమెను దవాఖానకు పంపిండ్రా? ఆ అమ్మాయిని పంపిండ్రా? చెయ్యి విరిగినోని రిపోర్టే ఉంటది, గొంతు కమిలినామెది ఉండదు. పొద్దు గూకుతున్నది. చీకటి పడినంక ఆడమనిషిని ఎట్ల అరెస్టు చేస్తరో నాకు చెప్పండి, మా టెంటుల ఉన్నోళ్లందరినీ తీసుకొస్త, వాళ్లకు గూడ చెప్పండి."

సౌజన్య తెల్ల కాగితం అడిగి తీసుకుని తన ఫిర్యాదు రాసింది. యాదమ్మను తోసి లోపలికి రావడం దగ్గర నుంచి రెండో దెబ్బ దాకా ఏదీ వదల్లేదు. ఎస్సై దాన్ని తీసుకోవడానికి చాలాసేపు నసిగాడు. చివరకు తీసుకున్నాడు. యాదమ్మ మీద బెయిల్ లేని సెక్షన్ మార్చి చిన్న సెక్షన్ పెట్టాడు. పెంటయ్య పూచీ మీద ఇంటికి పంపాడు. కేసు మాత్రం కొట్టేయలేదు. యశ్వంత్ మీద కేసు ఒకటి, యాదమ్మ మీద కేసు ఒకటి. రెండూ సమానమే అన్నట్టు ఒకదాని మీద ఒకటి పెట్టాడు. ఇంట్లో చొరబడినవాడూ, వాడిని ఆపిన మనిషీ చట్టం ముందు ఒకే వరసలో నిలబడ్డారు.

కొద్ది రోజుల్లోనే అపార్ట్‌మెంట్ సంఘం సమావేశం పెట్టింది. పోలీసు కేసు ఉన్న పనివాళ్లను లోపలికి రానివ్వకూడదని శ్రీనివాసరావు ప్రతిపాదించాడు. "అందరి భద్రత కోసమేనండి," అన్నాడు.

"ఎవరి నుంచి భద్రతండీ?" అంది సౌజన్య. "ఆ రోజు గేటు దాటి వచ్చినవాడు కంపెనీ ఉద్యోగి. మీరెవరూ ఆపలేదు. ఆపింది యాదమ్మ. రేపు మీ ఇంట్లో ఎవరైనా చొరబడితే, పనామె చేతులు కట్టుకుని చూస్తూ ఉండాలా? ఆ మాట ఇక్కడే చెప్పండి, పనివాళ్లందరూ వింటారు."

కొందరు తలలు దించుకున్నారు. చేతులు మాత్రం శ్రీనివాసరావు వైపే లేచాయి. ఆ నెలాఖరుకు సౌజన్య ఆ ఫ్లాట్ ఖాళీ చేసింది. అయినా యాదమ్మకు పని తిరిగి రాలేదు.

హైటెక్ సిటీలో ఆఫీసులు శుభ్రం చేసే పనికి వెళ్తే, పోలీసు వెరిఫికేషన్‌లో కేసు ఉందని తిప్పి పంపారు. సౌజన్య తన కంపెనీలో చెప్పి చూసింది. నిబంధన నిబంధనే అన్నారు. వాళ్లే యశ్వంత్ రాజీనామా చేస్తే మంచి ఉద్యోగి అని రాసిచ్చి బెంగళూరు పంపారు. యాదమ్మ గోపన్‌పల్లిలో లేస్తున్న అపార్ట్‌మెంట్ల దగ్గర ఇసుక తట్టలు మోసింది. కోర్టు వాయిదా ఉన్న రోజు ఆ కూలి కూడా ఉండేది కాదు. యశ్వంత్ మాత్రం వాయిదాలకు రాకుండా డాక్టరు సర్టిఫికెట్లు పంపేవాడు. అతను రాని ప్రతిసారీ యాదమ్మే మళ్లీ రావలసి వచ్చేది.

ఒకసారి అతని తరఫు లాయరు రాజీకి వచ్చాడు. ఇటు కేసు వదిలేస్తే అటు కేసు వదిలేస్తామన్నాడు. సౌజన్య యాదమ్మ వైపు చూసింది. కూలి పోగొట్టుకుంటున్నది తాను కాదు, వద్దనే హక్కు తనకు లేదనుకుంది.

"నీకు బరువైతే ఒప్పుకుందాం యాదమ్మా. నేనేమీ అనుకోను."

"ఒప్పుకుంటె ఏమైతది? వాడూ నేనూ ఒక్కటే అయితం. వద్దు. జర పరేషాన్ ఉంటది, ఉండనీ."

రాష్ట్రం వచ్చింది. బోరబండలో యాదమ్మ కూడా రంగులు చల్లుకుంది. కేసు మాత్రం ఆ తర్వాత కూడా నడిచింది. చివరకు మరుసటి ఏడాది మేజిస్ట్రేటు తీర్పు చదివారు. యాదమ్మ మరో మనిషి ప్రాణాన్నీ, తన ప్రాణాన్నీ కాపాడుకోవడానికే కొట్టిందని, రెండో దెబ్బ కూడా ఆ హక్కులో భాగమేనని, ఆమె చేసింది నేరమే కాదని చెప్పారు.

వరండాలోకి వచ్చాక నవనీత ఆ మాటలను విడమరిచి వివరించింది. సౌజన్య కళ్లు తుడుచుకుంది. యాదమ్మ మొహంలో సంతోషం కనిపించలేదు.

"నేరమే కాదన్నరా?"

"అవును. మొదటి నుంచే కాదు."

"మరి గీ సంగతి ఆనాడు పోలీసులకు తెల్వదా మేడమ్?"

"తెలుసు."

"తెలిసి గూడ రాసిండ్రా?"

పెంటయ్య, "గెలిచినం గదనే, ఇగ పోదాం రా," అన్నాడు.

"ఏం గెలిచినం?" అంది యాదమ్మ. ఆమె గొంతు పెద్దదైంది. వరండాలో ఉన్నవాళ్లు తిరిగి చూశారు. "నేను కొట్టకుంటె పిల్ల పోతుండె. కొట్టినందుకు నా పని పోయె. ఇన్నేండ్లు దొంగ లెక్క గీ మెట్లు ఎక్కి దిగిన. ఇప్పుడు నువ్వు తప్పు చెయ్యలేదమ్మ, పో అంటున్నరు. నేను తప్పు చెయ్యలేదని నాకు తెల్వదా? గది జెప్పెతందుకు వీళ్లు కావాల్నా?"

ఒక కానిస్టేబుల్ నెమ్మదిగా మాట్లాడమని సైగ చేశాడు. ఆమె అతని వైపు చూసి గొంతు తగ్గించలేదు. "నేను మెల్లగనే ఉన్న ఇన్నొద్దులు," అంది.

యశ్వంత్ కేసు ఆ తర్వాతి సంవత్సరం తేలింది. సౌజన్య, యాదమ్మ ఇద్దరూ సాక్ష్యం చెప్పారు. ఆంజనేయులు ఆ రోజు కోర్టుకు వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. ఇంట్లో చొరబడినందుకూ, ఆడపిల్ల మీద చెయ్యి చేసుకున్నందుకూ యశ్వంత్‌కు జైలు శిక్ష పడింది. పై కోర్టుకు వెళ్తామన్నారు. అక్కడికక్కడే బెయిల్ ఇచ్చారు. భోజనాల వేళకు అతను కారెక్కి వెళ్లిపోయాడు.

యాదమ్మ ఆ కారు గేటు దాటేదాకా చూసింది.

"పై కోర్టు ఏడుంటది?" అని నవనీతను అడిగింది.

"చాలా రోజులు పడుతుంది యాదమ్మా. నీకు అక్కడ పనుండదు, రానక్కర్లేదు."

"వద్దన్న వస్త," అంది యాదమ్మ. "నేను కూసుంట. వాడు నా మొకం చూడాలె."